చీనీ చెట్ల బెరడు మీద పొట్టు, గూడు – ఇది ఏ పురుగు పని?

ప్రశ్న: మాకు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. తొమ్మిదేళ్ల చెట్లు. కొమ్మలు చీలే చోట బెరడు మీద గోధుమ రంగు పొట్టు, గూడులాంటిది కనబడుతోంది. రాత్రి మోటారు షెడ్డు బల్బు దగ్గర పొడవాటి మీసాలున్న పెద్ద పురుగు దొరికింది. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. రెండుసార్లు మందు కొట్టినా పొట్టు ఆగలేదు. ఫొటోలు పంపుతున్నాను. ఏం చేయాలి?
– ఒక రైతు, పుట్లూరు మండలం, అనంతపురం జిల్లా

జవాబు: ఫొటోలు చూశాను. మీకు దొరికిన పురుగు వేరు, మీ చీనీ చెట్లను తింటున్న పురుగు వేరు.

బల్బు దగ్గర దొరికింది మామిడి కాండం తొలుచు పురుగు. బూడిద రంగు ఒళ్లు, సుమారు రెండంగుళాల పొడవు, తల వెనక రెండు నారింజ రంగు మచ్చలు. రాత్రిళ్లు వెలుతురుకు వస్తుంది. దీని పిల్ల పురుగు చెక్క లోపలికి తొలుచుకుపోతుంది. రంధ్రం నుంచి పొట్టు రాలుతుంది, రసం కారుతుంది, కానీ గూడు ఉండదు.

మీ చెట్ల మీద ఉన్నది గూడే. పట్టుదారంతో పొట్టును, పురుగు పెంటికలను కలిపి అల్లినది. అది బెరడు తినే గొంగళి పురుగు పని. పగలంతా కొమ్మ చీలిక దగ్గర రంధ్రంలో ఉంటుంది, రాత్రి బయటికొచ్చి గూడు కిందే తిరుగుతూ బెరడు గీకి తింటుంది. అందుకే అది మీ కంటపడలేదు, ఆకుల మీద కొట్టిన మందూ దానికి తగల్లేదు. పురుగేదో తెలియక ముందే రెండుసార్లు డబ్బు పోయిందే అని నాకు బాధగా ఉంది. మళ్లీ కొట్టకండి.

ఒక సాయంత్రం గోనెపట్టాతో గూళ్లన్నీ తుడిచేయండి. ఒకట్రెండు రోజుల్లో కొత్త పొట్టు, కొత్త గూడు కనబడిన చోటే పురుగు బతికి ఉన్నట్టు. ఆ రంధ్రాల్లోకి సైకిల్ చువ్వ పోనిచ్చి పురుగును చంపండి. తర్వాత పెట్రోలులో తడిపిన చిన్న దూది ఉండ లోపలికి నెట్టి, బంకమట్టితో మూసేయండి. పెట్రోలు నేరుగా పోయొద్దు, బెరడు దెబ్బతింటుంది. దగ్గర్లో బీడీ, నిప్పు ఉండకూడదు. ఒకప్పుడు మేమే నువాన్ (డైక్లోర్వాస్) అనే పురుగుమందు చెప్పేవాళ్లం. ఆ మందును 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధించారు, ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి.

బెరడు పోయిన చోట కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయండి. తోట గుబురుగా ఉంటే ఎండుకొమ్మలు తీసి గాలి, వెలుతురు ఆడేలా చేయండి. వేసవి చివర్లో దీని రెక్కల పురుగులు బయటికొచ్చి బెరడు పగుళ్లలో గుడ్లు పెడతాయి. కాబట్టి తొలకరి నుంచి వారానికోసారి మొదళ్లు, కొమ్మ చీలికలు చూసుకోవాలి.

మీ గట్టు మీద మామిడి చెట్టు ఉంటే దాన్నీ చూడండి. రంధ్రం, తడి పొట్టు కనబడితే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. పిల్ల పురుగు దొరికితే కవర్లో పడేయకండి, నల్లబడి కుళ్లిపోతుంది. మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి, స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి, తేదీ, చెట్టు పేరు రాసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి.