గిఫ్ట్ అంటే జర్మనీలో విషమా? స్వీడన్‌లో పెళ్లా?

జర్మనీకి, స్వీడన్‌కు పంపే పార్సిల్ మీద 'గిఫ్ట్' అని రాయొచ్చా అని అడిగారు కదా. ఆ అర్థాలు రెండూ నిజమేనండీ, పైగా మూలం ఒకటే. 'ఇవ్వడం' అనే జర్మానిక్ (జర్మన్, ఇంగ్లీషు, స్వీడిష్ వంటి భాషల కుటుంబం) ధాతువు నుంచే ఈ మాటలన్నీ పుట్టాయి. జర్మన్‌లో పూర్వం 'గిఫ్ట్' అంటే ఇచ్చినదే. కట్నాన్ని నేటికీ 'మిట్‌గిఫ్ట్' అంటారు. విషం అన్న అర్థం వైద్యుల వాడుక ద్వారా వచ్చింది. గ్రీకు 'దోసిస్' అంటే ఇవ్వడం, ఇచ్చే మందు మోతాదు. దాని ఛాయలోనే 'గిఫ్ట్' కూడా 'ఇచ్చిన మోతాదు' అయి, చివరికి విషంగా స్థిరపడింది. మనవాళ్లు 'మందు పెట్టారు' అనడం లాంటిదే.

స్వీడిష్, డేనిష్, నార్వేజియన్‌లలో విశేషణంగా వాడితే 'పెళ్లయిన', నామవాచకంగా వాడితే 'విషం'. కన్యను 'ఇవ్వడం' నుంచి మొదటి అర్థం. స్వీడిష్‌లో పలకడం 'యిఫ్ట్'. పాత ఇంగ్లీషులోనూ ఈ మాటకు కన్యాశుల్కమనే అర్థం. ఇప్పటి 'గ' ఉచ్చారణ, కానుక అనే అర్థం స్కాండినేవియా ప్రభావమంటారు. డచ్‌లో 'ఖిఫ్ట్' విరాళం, చివరి 'ట్' తీసేస్తే విషం!

ఇక మీ పార్సిల్ సంగతి. కస్టమ్స్ ఫారంలో 'గిఫ్ట్' గడికి నిశ్చింతగా టిక్ పెట్టండి, అది అంతర్జాతీయ నమూనా. పెట్టె మీద చేత్తో రాసేటప్పుడు మాత్రం జర్మనీకి 'గెషెంక్', స్వీడన్‌కు 'ప్రెసెంట్' అని రాయండి. ఒక్క 'గిఫ్ట్' అనే రాసి లోపల పచ్చడి పొడులు పెడితే, చూసినవాళ్లు నవ్వుకుంటారో ఉలిక్కిపడతారో చెప్పలేం. పాలతో చేసిన స్వీట్లు మాత్రం పెట్టొద్దు, యూరోపియన్ యూనియన్ (ఈయూ) నిబంధనలు ఒప్పుకోవు.