శాలువాలు వద్దండి బాబూ!

ప్రశ్న: మా కాలేజీలో సాయంత్రాలు కుట్టుపని, కంప్యూటర్ నేర్పే వలంటీర్లు పైసా తీసుకోరు. వాళ్లను ఎలా సన్మానించాలి?
– ఓ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: డిసెంబరు 5 అంతర్జాతీయ వలంటీర్ల దినోత్సవం. 1985లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ రోజే పెట్టుకోండి. శాలువాలు మాత్రం వద్దు. డిసెంబరులోనైనా గుంటూరులో ఎవరు కప్పుకుంటారండీ? మా బీరువాలో ఓ అర నిండా మడత విప్పనివే ఉన్నాయి. పక్కనే మంగళగిరి. నిజాం అంచు నేతచీరో, పంచో ఇస్తే హాయిగా కట్టుకుంటారు. తెల్లపొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మయినా సరే. ముఖ్య అతిథి కోసం రెండు గంటలు కూర్చోబెట్టకండి. వాళ్ల దగ్గర నేర్చుకున్న పిల్లలకు మైకివ్వండి. ‘ఈ జాకెట్ నేనే కుట్టా మేడమ్’ అని ఒకమ్మాయి చూపిస్తే చాలదూ? అన్నట్టు, రోజూ ఆ వలంటీర్ల ఆటో చార్జీలు ఎవరు పెట్టుకుంటున్నారో ముందు కనుక్కోండి.