గ్లైడర్ ఎగురుతుందా, తేలుతుందా, వాలుతుందా?

సందేహం: మాస్టారూ నమస్కారం. నేను హైస్కూల్లో సైన్స్ చెప్తాను. గ్లైడింగ్‌లోనూ నెమ్మదిగా పోయే విమానాల తయారీలోనూ పెద్ద పేరున్న పాల్ మెక్‌క్రెడీ గురించి, ఆయన వర్ధంతికి మా గోడపత్రికలో పెట్టడానికి ఒక పేజీ రాశాను. అందులో "ఇంజన్ లేని గ్లైడర్ గాలివాటంగా ఎగురుతుంది" అని ఒక వాక్యం ఉంది. మా తెలుగు టీచర్ గారు 'ఎగురుతుంది' కొట్టేసి 'తేలుతుంది' అని దిద్దారు, ఎగరడం అంటే పైకి లేవడం, సొంత బలం లేనిది ఎలా ఎగురుతుంది అన్నారు. 'గాలివాటంగా' కూడా బాగాలేదన్నారు గానీ ఎందుకో చెప్పలేదు. ఇంకోటి, నేను ఆయన్ని 'గ్లైడింగ్ పితామహుడు' అని రాశాను, అది సరైనదేనా?

సమాధానం: ముందు మీ తెలుగు టీచర్ గారి మాట చూద్దామండి, ఎందుకంటే ఆవిడ చెప్పినదాంట్లో గట్టి పాయింటే ఉంది. ఎగురు అనే మాటలో 'ఎగు' ఉంది కదా, దానికి పైకి అనే అర్థం. ఎగువ-దిగువ, ఎగుడుదిగుడు, ఎగుమతి-దిగుమతి, ఎగబాకడం, ఎగదోయడం, అన్నీ ఆ కుటుంబంలోవే. పిల్లాడు ఎగిరి గంతేశాడు అంటాం, రెక్కలుండి కాదు, నేల మీంచి పైకి లేచాడు కాబట్టి. మరి గ్లైడర్ సంగతి చూస్తే, కదలిక లేని గాలిలో వదిలిన దగ్గర్నుంచీ అది మొత్తమ్మీద కిందికే దిగుతూ ఉంటుంది, కాకపోతే ఆ దిగడం చాలా నింపాదిగా ఉంటుంది, మంచి గ్లైడర్ అయితే ఒక్క మీటరు దిగేలోపు నలభై మీటర్లు ముందుకి పోతుంది. కిందికి దిగేదాన్ని ఎగురుతోంది అనొచ్చా అన్నది అందుకే సరైన ప్రశ్నే.

కానీ మాట పుట్టినచోటే కూర్చోదు కదా, జనం నోళ్ళలో పడి ఎటు నడిచిందో కూడా చూడాలి. చిన్నప్పుడు మా కళ్ళంలో నేను రోజూ చూసిందే చెప్తాను. మా పెదనాన్న ఎత్తు పీట మీద నిలబడి, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని, చేట నిండా ధాన్యం తల పైదాకా ఎత్తి కొంచెం కొంచెంగా జారవిడిచేవాడు, గట్టి గింజ కాళ్ళ ముందే కుప్పగా పడేది, తాలు నాలుగు బారల అవతల పడేది, దుమ్మూ ధూళీ ఇంకా దూరం పోయేవి. గాలి మరీ జోరందుకుంటే "గింజ కూడా ఎగిరిపోతోంది, కాసేపు ఆపండ్రా" అని అరిచేవాడు. ఆ గింజకి రెక్కల్లేవు, బలం లేదు, పైకి లేవలేదు కూడా, చేటలోంచి నేలకి పడుతూనే ఉంది, అయినా ఆయన నోట వచ్చిన మాట 'ఎగిరిపోతోంది' అనే. అంటే గాలి పట్టుకుపోయేది ఏదైనా తెలుగులో ఎగిరేదే. జెండా ఎగురుతుంది, గాలిపటం ఎగురుతుంది, కాయితాలు ఎగిరిపోతాయి, ఫ్యాన్ కింద క్యాలెండరు కూడా ఎగురుతుంది. కాబట్టి మీ 'ఎగురుతుంది' తప్పు కాదు, అది కొట్టేయక్కర్లేదు.

సంస్కృతం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుందండి. పత్ అనే ధాతువుకి ఎగరడం, పడడం రెండూ అర్థాలే. పతనం అందులోంచే వచ్చింది, రెక్కని చెప్పే పతత్రం అందులోంచే వచ్చింది, పక్షిని పతత్రి అన్నా పతంగం అన్నా ఆ ధాతువే, తెలంగాణలో గాలిపటాన్ని పతంగి అంటారే, అదీ ఆ వంశమే. గ్రీకులో రెక్కకున్న మాట కూడా దీనికి దగ్గర చుట్టం, మనం రోజూ అనే హెలికాప్టర్‌లో చివర వినపడే 'ప్టర్' ఆ గ్రీకు రెక్కే. పడుతూ పడుతూనే ముందుకి ఎగరడం గ్లైడర్ చేసే పని, ఆ రెండిటినీ ఒకే ధాతువులో పెట్టినవాళ్ళు ఆకాశంలో పక్షిని ఎంత సేపు చూసి ఉంటారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక ఆవిడ దిద్దిన 'తేలుతుంది' మాత్రం నాకు ఒప్పుగా అనిపించడం లేదు. తేలు, తేలిక ఒకే ఇంటి మాటలు. చెక్క నీళ్ళ మీద తేలుతుంది, హైడ్రోజన్ నింపిన బెలూన్ గాలిలో తేలుతుంది, చుట్టూ ఉన్నదానికంటే తేలికైనవి కాబట్టి. గ్లైడర్ గాలికంటే ఎన్నో రెట్లు బరువైనది, కదలడం ఆగిందంటే రాయిలాగా పడుతుంది, దాన్ని నిలబెట్టేది రెక్క మీంచి పారే గాలి, ఆ గాలి పారాలంటే అది ముందుకి పోతూనే ఉండాలి. మీరు సైన్స్ చెప్పేవారు, 'తేలుతుంది' అని గోడపత్రికలో రాస్తే పిల్లలకి బెలూనూ గ్లైడరూ ఒకటే అని ముద్ర పడిపోతుంది, తర్వాత దాన్ని చెరపడం కష్టం.

నన్నడిగితే గ్లైడింగ్‌కి అచ్చంగా సరిపోయే మాట మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది, వాలడం. వాలు అంటే ఏటవాలు నేల, పొద్దు వాలింది అంటే దిగింది, పిట్ట కొమ్మ మీద వాలింది అంటే రెక్కలు చాచి నెమ్మదిగా దిగి కూర్చుంది. దిగడం, ఏటవాలు, నెమ్మదితనం మూడూ ఒక్క మాటలో ఉన్నాయి. గ్లైడర్ కూడా కంటికి కనపడని ఒక వాలు మీద జారుతున్నట్టే దిగుతుంది. జారడం అనొచ్చా అంటే అనొచ్చు, కానీ కాలు జారింది, నోరు జారింది అని మనకి అలవాటు, జారిందంటే పొరపాటు జరిగినట్టు వినపడుతుంది, వాలడంలో ఆ ఇబ్బంది లేదు.

అయితే గ్లైడర్ ఎప్పుడూ వాలుతూనే ఉంటే గంటల తరబడి పైన ఎలా ఉంటుంది? అక్కడే మీ మెక్‌క్రెడీ గారి కథా, మన 'గిరికీలు' అనే మాటా కలుస్తాయి. ఎండకి వేడెక్కిన నేల మీంచి గాలి స్తంభంలాగా పైకి లేస్తుంది, పైలట్లు థర్మల్ అంటారు. గ్లైడర్ ఆ గాలిలోనూ వాలుతూనే ఉంటుంది, కానీ అది దిగే వేగం కంటే గాలి లేచే వేగం ఎక్కువ, అందుకని మొత్తమ్మీద పైకి పోతుంది. ఆ స్తంభంలోంచి బయటికి పోకుండా గుండ్రంగా తిరగాలి. ఎండాకాలం పదకొండు దాటాక డాబా ఎక్కి చూడండి, గద్ద ఒక పక్కకి రెక్క వాల్చి, రెక్క ఆడించకుండా, చుట్టుకి కాస్త చొప్పున పైకి పోతుంటుంది. దాన్నే మనవాళ్ళు గిరికీలు కొట్టడం అన్నారు.

1976 వేసవిలో మెక్‌క్రెడీ కుటుంబంతో కారులో సెలవులకి వెళ్తూ ఈ దృశ్యమే చూశాడు, అక్కడ రాబందులూ డేగలూ. ఒక చుట్టుకి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, రెక్క ఎంత వాల్చిందో కంటితో అంచనా కడితే ఆ పక్షి ఎంత వేగంతో పోతోందో, ఎంత వెడల్పు సున్నా చుడుతోందో లెక్క వచ్చేస్తుంది, ఆయన అలా పక్షి వెనక పక్షిని లెక్కలు కడుతూ పోయాడు. అప్పటికి ఆయన నెత్తిన ఒక పెద్ద భారం ఉంది, బంధువు అప్పుకి హామీ సంతకం పెట్టి సుమారు లక్ష డాలర్లు తన మీద వేసుకున్నాడు. బ్రిటిష్ పారిశ్రామికవేత్త హెన్రీ క్రెమర్ 1959లో మొదలుపెట్టిన బహుమతి అప్పటికి 50,000 పౌండ్లు అయింది, మనిషి సొంత కండబలంతో నడిచే విమానం అరమైలు దూరంలో ఉన్న రెండు గుర్తుల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరిగి రావాలి, మొదట్లోనూ చివర్లోనూ పది అడుగుల ఎత్తు దాటాలి. పౌండు ఇంచుమించు రెండు డాలర్లు, అంటే అప్పూ బహుమతీ దాదాపు సమానం అని ఆయనకి తట్టింది. పక్షుల లెక్కలోంచి వచ్చిన కిటుకు ఏంటంటే, బరువు పెంచకుండా పొడవూ వెడల్పూ మూడు రెట్లు చేస్తే ఎగరడానికి కావలసిన బలం మూడో వంతుకి తగ్గుతుంది, వేగం కూడా తగ్గుతుంది, అంత తక్కువ బలం సైకిల్ తొక్కే మనిషి కాళ్ళల్లో ఉంది.

అలా తయారైంది గాసమర్ కాండర్, గాసమర్ అంటే గాలిలో కొట్టుకుపోయే సాలెపోగు. అల్యూమినియం గొట్టాలు, సన్నటి ప్లాస్టిక్ పొర, పియానో తీగలు, రెక్క ఈ చివర్నుంచి ఆ చివరికి 96 అడుగులు, బరువు చూస్తే 32 కిలోలు. విరిగితే టేపు వేసి మళ్ళీ ఎక్కేలా కట్టారు దాన్ని. 1977 ఆగస్టు 23న కాలిఫోర్నియాలోని షాఫ్టర్‌లో బ్రయన్ అలెన్ అనే కుర్రాడు తొక్కుతూ ఆ ఎనిమిది పూర్తి చేశాడు. రెండేళ్ళకి, 1979 జూన్ 12న, గాసమర్ ఆల్బట్రాస్‌లో అదే అలెన్ 2 గంటల 49 నిమిషాలు తొక్కి ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్సుకి ఇంగ్లిష్ ఛానల్ దాటాడు, తాగే నీళ్ళు మధ్యలోనే అయిపోయాయి, కాళ్ళు కొంకర్లు పోయాయి, సముద్రానికి కొద్ది అడుగుల పైనే పోయాడు. 1981లో మెక్‌క్రెడీ తయారుచేసిన ఇంకో విమానం సోలార్ చాలెంజర్ ఎండతోనే ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండ్‌కి వచ్చింది. ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి, నేను ఎందుకు రాశానంటే వీటన్నిటి వెనకా ఆ గిరికీల లెక్కే ఉంది.

ఇప్పుడు 'గాలివాటంగా'. ఇక్కడ మీ టీచర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. గాలివాటు అంటే అసలు గాలి వీచే తీరు, పడవవాళ్ళు గాలివాటు చూసి తెరచాప ఎత్తుతారు, మా పెదనాన్న గాలివాటు చూసి పీట వేసేవాడు, ఆ అర్థంలో అది జాగ్రత్త గల మాట. కానీ 'గాలివాటంగా' అనగానే ఇవాళ వినేవాళ్ళకి తోచేది వేరు, ఏ లెక్కా లేకుండా అదృష్టం కొద్దీ అని, గాలివాటంగా గెలిచాడు అన్నట్టు. మెక్‌క్రెడీ గురించి రాస్తూ ఆ మాట వాడితే ఆయన జీవితమంతా చేసిన పనికి నేరుగా అడ్డం పడుతుంది. 1948, 1949, 1953లలో అమెరికా గ్లైడింగ్ ఛాంపియన్, 1956లో ఫ్రాన్సులోని సెంట్-యాన్‌లో ప్రపంచ ఛాంపియన్, ఆ టైటిల్ గెలిచిన మొదటి అమెరికన్. ఆయన ఆలోచించిన ఒక చిన్న రింగు ఉంది, ఎత్తు మారే వేగాన్ని చూపించే మీటరు చుట్టూ తిరుగుతుంది. ముందు దొరకబోయే థర్మల్ ఎంత బలంగా ఎత్తుతుందో అంచనా వేసి రింగుని ఆ అంకె దగ్గర పెడితే, ఇప్పుడు ఎంత స్పీడుతో పోవాలో ముల్లు దగ్గరే చదువుకోవచ్చు. ముందు గట్టి థర్మల్ ఉందనుకుంటే త్వరగా పో, బలహీనం అనుకుంటే ఎత్తు పొదుపు చేసుకో, కిందికి తోసే గాలిలో చిక్కితే స్పీడు పెంచి బయటపడు, అదీ దాని సారం. ఇవాళ్టికీ గ్లైడర్ పైలట్లు "మెక్‌క్రెడీ రెండు పెట్టుకుని వస్తున్నా" అని మాట్లాడుకుంటారు, మనిషి పేరు కొలత పేరైపోయింది.

పితామహుడి సంగతి. మొదటివాడు అనే అర్థంలో అయితే ఆ మాట వద్దు, గ్లైడింగ్‌లో జర్మనీ ఆటో లిలియెంథాల్ 1891 నుంచే బెర్లిన్ చుట్టుపక్కల గుట్టల మీంచి రెక్కలు కట్టుకుని ఎగిరాడు, 1896లో ఆ ప్రయత్నంలోనే పోయాడు, ఆద్యుడు అనాలంటే ఆయన్ని అనాలి. కండబలంతో ఎగరడంలో కూడా మెక్‌క్రెడీ మొదటివాడు కాదు, 1961లోనే ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ విద్యార్థులు అలాంటి విమానం నేల మీంచి లేపారు. కాకపోతే తెలుగులో పితామహుడు అంటే మొదటివాడే కానక్కర్లేదు. నన్నయ ఆదికవి, ఆయన తర్వాత ఇంచుమించు 500 ఏళ్ళకి వచ్చిన అల్లసాని పెద్దన ఆంధ్రకవితా పితామహుడు, అది గౌరవంతో వచ్చిన బిరుదు. ఆ లెక్కన "కండబలంతో ఎగిరే విమానాల పితామహుడు" అంటే చెల్లుతుంది, "గ్లైడింగ్ పితామహుడు" చెల్లదు, గ్లైడింగ్ వరకు 'దారి చూపినవాడు' అనండి చాలు.

వర్ధంతి సరిగ్గానే రాశారు, ఆయన పోయింది 2007 ఆగస్టు 28. కర్ణాటకలో చుట్టాలుంటే మాత్రం జాగ్రత్త, కన్నడంలో వర్ధంతి అంటే పుట్టినరోజు, పెరగడం అనే ధాతువర్థాన్ని వాళ్ళు అలాగే ఉంచుకున్నారు. పుట్టింది 1925 సెప్టెంబర్ 25, దానికి జయంతి.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "ఇంజన్ లేని గ్లైడర్ గాలివాటు చూసుకుని ఎగురుతుంది, లేచే గాలి దొరికితే గిరికీలు కొడుతూ పైకి పోతుంది, దొరకనప్పుడు మెల్లగా వాలుతుంది."