ఊరు మారే రోజు: కొలంబో నుంచి తంగల్లె దాకా

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన శ్రీలంక ప్లాన్ చదివాను. కొలంబోలో పొద్దున్నే బయల్దేరి హిక్కడువ బీచ్, గాలే కోట, కొగ్గలలో గుంజల మీద కూర్చుని చేపలు పట్టేవాళ్లు, మిరిస్స, దొంద్ర లైట్‌హౌస్ అన్నీ చూసుకుంటూ రాత్రికి తంగల్లె చేరాలని రాశావు. మీ అమ్మ మోకాళ్లతో, నాలుగేళ్ల పిల్లాడితో అది కుదిరే పని కాదు. ఊరు మారే రోజున దారిలో ఒక్కచోటే ఆగండి, అదీ గాలేలో. మీ పెదనాన్న కొలంబోలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ తీరం వెంట తిరిగినదాన్ని కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

గాలే దాకా రైల్లోనే వెళ్లండి. ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు త్వరగా చేరుస్తుంది గానీ ఆ దారి లోపలి వైపు నుంచి పోతుంది, సముద్రం కనబడదు. రైలు రెండున్నర, మూడు గంటలు తీసుకున్నా పట్టాలు చాలాదూరం ఒడ్డునే ఆనుకుని ఉంటాయి. కొన్నిచోట్ల అలలకీ పెట్టెకీ మధ్య నల్లరాళ్ల గట్టు తప్ప ఇంకేమీ ఉండదు. కిటికీ రెక్క ఎత్తితే ఉప్పుగాలి మొహానికి కొడుతుంది, కాసేపటికి పెదాలు నాకితే ఉప్పగా తగులుతుంది. సముద్రం కుడివైపున ఉంటుంది, కాబట్టి కుడిపక్క కిటికీలే పట్టుకోండి.

సీటు దొరకాలంటే అందరూ ఎక్కే ఫోర్ట్ స్టేషన్‌కి పోవద్దు. దాని ముందు స్టేషన్ మరదాన. దక్షిణానికి వెళ్లే రైళ్లు చాలావరకు అక్కడే మొదలవుతాయి. అమ్మ మెల్లగా మెట్లెక్కి కుదురుగా కూర్చోవచ్చు. ఫోర్ట్‌లో తోపులాట మధ్య ఆవిణ్ణి ఎక్కించడం నరకం. పొద్దున ఆఫీసు జనమంతా కొలంబోలోకి వస్తారు, మీరు ఎదురు వెళ్తారు, అదొక సుఖం. ఒక్కటి మాత్రం చూసుకో. అక్కడ ప్రతి పౌర్ణమీ సెలవే, పోయ అంటారు. ఆ రోజూ దాని ముందు సాయంత్రమూ రైళ్లూ బస్సులూ కిక్కిరిసి ఉంటాయి. టికెట్లు తీసే ముందు మన క్యాలెండర్లో పౌర్ణమి ఎప్పుడో చూసుకుంటే చాలు.

రైల్లో గంపలతో వడలు అమ్మేవాళ్లు వస్తారు. చూడ్డానికి అచ్చం మన మసాలా వడే. పైన రొయ్య అతికించి ఉంటే అది ఇస్సో వడే, అమ్మ చేతికి వెళ్లనివ్వకు. పరిప్పు వడే అని అడిగి తీసుకో, అది ఉత్త పప్పుదే. హోటళ్లలో ఇంకా జాగ్రత్త కావాలి. కొబ్బరి సంబల్ చూస్తే మన పచ్చికొబ్బరి పచ్చడిలాగే ఉంటుంది గానీ ఎండుచేప పొడి కలుపుతారు, కొన్నిచోట్ల కూరల్లోనూ వేస్తారు. దాన్ని ఉంబలకడ అంటారు. ‘ఉంబలకడ ఎపా’ అంటే వద్దని అర్థం. ఈ రెండు మాటలూ అమ్మకి కూడా నేర్పు. పిల్లాడికి నారింజరంగు కొబ్బరిబోండాం, తంబిలి, ఎక్కడంటే అక్కడ దొరుకుతుంది. సీసా కూల్‌డ్రింకులు కొనకు.

హిక్కడువ రాకముందు పెరలియ వస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ అక్కడే నిండు రైలును ముంచేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. అక్కడ స్మారకం ఉంది, బుద్ధుడి పెద్ద విగ్రహమూ ఉంది. రైలు ఆ చోటు దాటేటప్పుడు కాసేపు మాటలు ఆపండి. మీరు వెళ్లేదీ ఆ పట్టాల మీదే కదా, తల్లీ.

గాలేలో దిగగానే కోట ఎదురుగానే కనిపిస్తుంది. ముందే ఒక కారు మాట్లాడుకుని స్టేషన్‌కే రమ్మనండి. సామాను అందులో పెట్టేసి, పాస్‌పోర్టులూ డబ్బూ మందులూ మాత్రం నీ భుజాన ఉంచుకో. పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టి, డచ్చివాళ్లు పెంచిన కోట అది. సునామీ రోజున బస్టాండూ క్రికెట్ మైదానమూ మునిగిపోయినా ఆ గోడలు లోపలి ఇళ్లను కాపాడాయి. గడియార స్తంభం దగ్గర బురుజు మీద నిలబడితే మైదానం మొత్తం కనిపిస్తుంది. అల్లుడుగారికి చెప్పు, 2010లో మురళీధరన్ తన 800వ వికెట్ తీసింది అక్కడే. అవుటైంది మన హైదరాబాద్ జట్టు ప్రజ్ఞాన్ ఓఝా. ఎండ ముదరకముందే గోడల మీద తిరిగి, తర్వాత నీడనున్న సందుల్లోకి దిగిపోండి. భోజనం కూడా లోపలే కానివ్వండి.

మధ్యాహ్నం రెండున్నరకల్లా కారెక్కాలి. తంగల్లె ఇంకా దాదాపు 80 కిలోమీటర్లు, తీరం రోడ్డు మీద రెండు గంటలు దాటుతుంది. భూమధ్యరేఖకి దగ్గర కదా, ఏడాది పొడుగునా ఆరు, ఆరున్నరకే పొద్దు గూకుతుంది. సంధ్యవెలుగు ఎంతోసేపు నిలవదు. తెలియని ఊళ్లో చీకట్లో గెస్ట్‌హౌస్ వెతుక్కునే పని అమ్మకి పెట్టకు. మీరిద్దరే అయితే బస్సే ఎక్కమనేదాన్ని, చౌక, సరదాగానూ ఉంటుంది. కానీ ఆ డ్రైవర్ల దూకుడుకి ఆవిడ నడుం తట్టుకోదు. ఎప్పుడైనా ఎక్కితే ముందు సీట్లు భిక్షువులవని గుర్తుంచుకో, వాళ్లు రాగానే లేవాలి.

కొగ్గల గుంజల దగ్గర కారు ఆపించకు. పట్టపగలు వాటి మీద కనబడేవాళ్లలో చాలామంది ఫోటోలకోసం కూర్చున్నవాళ్లే, డబ్బులడుగుతారు. పిల్లాడు ఇసక కోసం గోలపెడితే వెలిగమలో పావుగంట ఆపండి, అక్కడ తీరం లోతు తక్కువ. అప్పుడు కూడా చెయ్యి వదలొద్దు.

2024 నుంచి అక్కడ కూడా మన యూపీఐ పనిచేస్తోంది గానీ వడలమ్మేవాడికీ ఆటోవాడికీ చిల్లర నోట్లే కావాలి. కొలంబోలోనే మార్చిపెట్టుకో.

తంగల్లెలో చిన్న గెస్ట్‌హౌస్ అయితే చెప్పకుండా వెళ్తే రాత్రి వంట ఉండదు. గాలేలో భోంచేస్తున్నప్పుడే ఫోన్ చేసి, ఎంతమందో, చేపపొడి లేకుండా పప్పూ అన్నం కావాలనీ, మట్టిముంతలో గేదెపెరుగు ఒకటి తెప్పించమనీ చెప్పెయ్యి.

ఇట్లు,
పెద్దమ్మ