యూరప్ పరిశ్రమ ఎవరి మీద ఎంత ఆధారపడిందో ఎలా అంచనా వేస్తారు?

దిగుమతి బిల్లు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎలక్ట్రిక్ కారు మోటారులోని అయస్కాంతాన్నే తీసుకోండి. కారు ధరలో దాని వాటా చాలా తక్కువ. కానీ యూరప్ దిగుమతి చేసుకునే రేర్ ఎర్త్ (కొన్ని ప్రత్యేక లోహ మూలకాల) అయస్కాంతాల్లో సుమారు 98 శాతం చైనావే. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. రెండు నెలలకే యూరప్‌లో కొన్ని కారు విడిభాగాల తయారీ లైన్లు ఆగిపోయాయి.

అందుకే నేనైతే మొదట అడిగేది ఇది: సరఫరా రేపే ఆగితే నిల్వ ఎన్ని వారాలొస్తుంది, ఇంకోచోట తయారీ మొదలవడానికి ఎన్నేళ్లు పడుతుంది? ఆ తర్వాత గొలుసులో వెనక్కి వెళ్లాలి. అయస్కాంతం జర్మనీలోనే కొన్నా, అందులోని డిస్ప్రోసియం అనే రేర్ ఎర్త్ మూలకం శుద్ధి అయింది చైనాలో కావచ్చు. కస్టమ్స్ లెక్కల్లో అది కనపడదు. వ్యూహాత్మక ముడిపదార్థాల్లో దేనికైనా ఒకే బయటి దేశం వాటా 2030 నాటికి 65 శాతం దాటకూడదని లక్ష్యం పెట్టిన ఈయూ 2024 చట్టం, ఆ లెక్కను శుద్ధి దశలకూ వర్తింపజేసింది ఇందుకే.