పుస్తకంలో బొమ్మ వేరు, నా స్క్రీన్ వేరు!

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా లైనక్స్ (విండోస్ బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) గురించే. కారణం మీకూ తెలిసిందే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 (ఒక భద్రతా చిప్) కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి అంటుంది. దాంతో బాగా పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌ని అటకెక్కించలేక చాలామంది లైనక్స్ వైపు (ఉబుంటు, మింట్ అందులో రకాలు) చూస్తున్నారు. చేతికి ఏదో ఒక 'బిగినర్స్ గైడు' దొరుకుతోంది, అక్కడినుంచి మొదలు తిప్పలు.

ప్ర: లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నా ల్యాప్‌టాప్ 2015లో కొన్నది. మా అల్లుడు దీనికి లైనక్స్ మింట్ వేసి, "మామయ్యగారూ, ఇది చదివితే అంతా వచ్చేస్తుంది" అని తన కాలేజీ రోజుల నాటి ఉబుంటు గైడు ఒకటి ఇచ్చి వెళ్లాడు. మొదటి పేజీ నుంచి నోట్సు రాసుకుంటూ చదువుతున్నాను. మూడు అధ్యాయాలు అయ్యాయి గానీ ఇంకా కంప్యూటర్ మీద చెయ్యి పడలేదు. పైగా స్క్రీన్ మీద పైభాగంలో 'అప్లికేషన్స్, ప్లేసెస్, సిస్టమ్' అని మూడు మెనూలు ఉంటాయని పుస్తకం చెబుతోంది, నాకు పైన ఏమీ లేదు, ఉన్నదంతా కిందే. అల్లుడు వేసింది తప్పా, నేను చదివేది తప్పా? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జ: అల్లుడుగారు వేసింది సరిగ్గానే వేశారు మాస్టారూ, పుస్తకానికే వయసైపోయింది. ముందు అట్ట మీదో లోపలి పేజీలోనో ఉబుంటు పక్కన ఉన్న అంకె చూడండి. ఉబుంటు అంకెల్లో దాపరికం ఏమీ లేదు, చుక్కకి ముందున్నది సంవత్సరం, తర్వాతది నెల. 10.04 అంటే 2010 ఏప్రిల్, 24.04 అంటే 2024 ఏప్రిల్. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే వెర్షన్‌కి ఎల్‌టీఎస్ (లాంగ్ టర్మ్ సపోర్ట్) అని పేరు, దానికి ఐదేళ్లు అప్‌డేట్లు ఇస్తారు. మీరు చెప్పిన ఆ మూడు మెనూలు 2011కి ముందువి. 2011లో 11.04తో ఎడమ పక్కన నిలువు పట్టీ ఉండే యూనిటీ అనే డెస్క్‌టాప్ వచ్చింది, 2017లో 17.10తో అదీ పోయి గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ వచ్చింది. అంటే మీ పుస్తకం రాశాక ఉబుంటు ముఖమే రెండుసార్లు మారింది. మీ దగ్గరున్నది ఉబుంటు కూడా కాదు, దాని పునాది మీద కట్టిన మింట్. అందులో సినమన్ అనే డెస్క్‌టాప్ ఉండి ఉంటుంది, పాత విండోస్ అలవాటున్నవాళ్లకి తేలిగ్గా ఉండేలా కింద పట్టీ, ఎడమ మూల మెనూ పెట్టారు. ఆ పుస్తకం పట్టుకుని ఈ స్క్రీన్ మీద బొమ్మలు వెతకడం పాత బస్ టైంటేబుల్ పట్టుకుని స్టాండులో నిలబడ్డట్టే.

అలాగని పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేసేయకండి. అందులో పాతబడ్డవి కొన్ని, పాతబడనివి కొన్ని. బొమ్మలన్నీ పాతబడ్డాయి. సీడీ రాసుకోవడం, డయల్అప్ మోడెమ్ పెట్టడం, ఫలానా మెనూలో ఫలానా చోట నొక్కండి అనే సూచనలు, ఇవన్నీ దాటేయండి. చరిత్ర అధ్యాయం కూడా (లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టాడు అన్న ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాది తీరిగ్గా మధ్యాహ్నం పూట చదువుకోవచ్చు). పాతబడనిది ఏమిటంటే ఫైళ్లు, ఫోల్డర్ల అధ్యాయం. ఇందులో సీ డ్రైవ్, డీ డ్రైవ్ ఉండవు, అన్నీ ఒకే మూలం నుంచి కొమ్మలుగా వస్తాయి, మీ సొంత ఫైళ్లు 'హోమ్' కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. పెన్‌డ్రైవ్ పెట్టినా అది ఆ చెట్టులోనే ఒక కొమ్మగా కనబడుతుంది. ఇది అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. ఎవరు ఏ ఫైలు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అనే పర్మిషన్ల అధ్యాయం కూడా అంతే, లెక్కల మాస్టారు కాబట్టి ఆ 755, 644 అంకెలు మీకు మాకంటే ముందే ఒంటబడతాయి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కూడుకోవడమే.

ఇక చదివే పద్ధతి. పరీక్షకి చదివినట్టు మొదటి పేజీ నుంచి వరసగా వద్దు. మీకు కంప్యూటర్‌తో అసలు పనేమిటి? పింఛను స్లిప్పు డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీయడం, మనవడి ఫొటోలు ఫోన్ నుంచి ఎక్కించుకోవడం, ఒక ఉత్తరం టైప్ చేయడం, ఇలాంటివేగా. వాటిలో ఒకటి పట్టుకోండి, కంప్యూటర్ ముందు కూర్చోండి, ఆగిపోయిన చోట పుస్తకం వెనకున్న విషయసూచిక తీసి ఆ ముక్క వరకే చదవండి. పుస్తకం ఒకచోట చూపించింది మీ స్క్రీన్ మీద ఇంకోచోట దొరికితే పెన్సిలుతో ఆ పేజీ అంచునే రాసేయండి. ఉదాహరణకి 'ఉబుంటు సాఫ్ట్‌వేర్ సెంటర్' అని ఉన్నచోటల్లా కొట్టేసి 'సాఫ్ట్‌వేర్ మేనేజర్' అని రాసుకోండి, మింట్‌లో దాని పేరు అదే. కొన్నాళ్లకి ఆ పుస్తకం మీ కంప్యూటర్‌కే రాసినట్టు తయారవుతుంది.

ఒక్క హెచ్చరిక. పుస్తకం వెనక అట్టలో సీడీ ఉంటే దాన్ని మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి. అప్పట్లో ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకల్లా పోస్టులో ఉచితంగా సీడీలు పంపేవారు, 2011లో ఆపేశారు, మా తరం ఇంజినీరింగ్ కుర్రాళ్లకి ఆ కవరు వస్తే పండగే. కానీ ఆ సీడీలో ఉన్న బ్రౌజర్‌తో ఇవాళ ఏ బ్యాంకు సైటూ తెరుచుకోదు, అప్‌డేట్లూ రావు. మీ మింట్ 22 అయితే 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, దాన్ని కదపొద్దు.

ప్ర: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సీనియర్ దగ్గర లైనక్స్ గైడు తీసుకుని టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) నేర్చుకుంటున్నాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా టైప్ చేసినా 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటోంది. ఇంకోచోట పాస్‌వర్డ్ అడిగింది, కీబోర్డు పనిచేయడం మానేసింది, ఒక్క అక్షరం పడలేదు. ల్యాప్‌టాప్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది. (కరీంనగర్)

జ: కీబోర్డు భేషుగ్గా ఉందమ్మా. చాలా లైనక్సుల టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలే కాదు, చుక్కలు కూడా కనబడకుండా చేస్తారు, పక్కనున్నవాళ్లకి అది ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని. కనబడకపోయినా అది పడుతూనే ఉంటుంది, మొత్తం కొట్టి ఎంటర్ నొక్కండి. ఈ ఒక్క వాక్యం రాయని గైడులు బోలెడు ఉన్నాయి, అది రచయితల తప్పే, వాళ్లకి అలవాటైపోయి కొత్తవాళ్లకి ఎక్కడ గుండె ఆగుతుందో మరిచిపోతారు.

ఇక 'ఉన్నది ఉన్నట్టు' అన్నారు చూశారా, అక్కడే ఉంది తిరకాసు. పుస్తకంలో కమాండ్‌కి ముందు $ గుర్తు ఉందా? అది మీరు కొట్టాల్సింది కాదు. "టెర్మినల్ సిద్ధంగా ఉంది, ఇక నువ్వు చెప్పు" అని కంప్యూటర్ చూపించే గుర్తు అది, దాన్నీ కలిపి కొడితే 'డాలర్ అనే కమాండ్ నా దగ్గర లేదు' అనే జవాబు వస్తుంది. అదే చోట # ఉంటే ఆ కమాండ్ అడ్మిన్ హక్కుతో నడపాలని అర్థం, మీరు ముందు 'సుడో' (sudo) చేర్చి కొట్టాలి. ఇంకో పేచీ కూడా ఉంది. పొడుగు కమాండ్ పేజీలో పట్టక రెండో లైనులోకి విరుగుతుంది. మీరు మొదటి లైను అయ్యాక ఎంటర్ కొట్టేస్తే సగం కమాండే నడుస్తుంది. అడ్మిన్ హక్కుతో ఫైళ్లు చెరిపే కమాండ్ సగమే నడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా, అందుకని 'ఆర్ఎం' (rm) అని మొదలయ్యే దేనికైనా ఎంటర్ నొక్కేముందు ఒకసారి పైకి చదువుకోండి. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తున్నట్టయితే ఇంకో చిక్కు, అందంగా కనబడాలని మామూలు కోట్ గుర్తుల్ని వంకర కోట్లుగా, చిన్న గీతని పెద్ద గీతగా మార్చి అచ్చేస్తారు, కంటికి తేడా తెలియదు గానీ టెర్మినల్‌కి తెలుస్తుంది. అందుకే చేత్తో కొట్టడమే మేలు.

పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా చూసుకోండి. 'డాక్యుమెంట్స్' ఫోల్డర్ పేరు పెద్ద డీతో ఉంటే చిన్న డీతో పిలిస్తే పలకదు. దీనికి మంచి విరుగుడు ట్యాబ్ కీ. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుతుంది, నింపలేదంటే మీరు కొట్టిన దాంట్లో ఏదో తేడా ఉండాలి, లేదా అవే అక్షరాలతో మొదలయ్యే పేర్లు ఒకటికి మించి ఉండాలి. ముందు కొట్టిన కమాండ్ మళ్లీ కావాలంటే పై బాణం. కాపీ చేయడానికి కంట్రోల్ సీ నొక్కితే అక్కడ నడుస్తున్న పని ఆగిపోతుంది, టెర్మినల్‌లో కాపీ అంటే కంట్రోల్ షిఫ్ట్ సీ. 'మ్యాన్' కమాండ్‌తో ఏదైనా వివరం చదవడానికి లోపలికి వెళ్లి బయటికి రాలేకపోతే చిన్న క్యూ నొక్కండి. పుస్తకం నెట్‌వర్క్ అధ్యాయంలో 'ఐఎఫ్‌కాన్ఫిగ్' కొట్టమంటే, అది లేదని జవాబు వస్తే కంగారొద్దు, కొత్త ఉబుంటుల్లో అది ముందే వేసి ఇవ్వడం మానేశారు, దాని బదులు 'ఐపీ' అని కొట్టి స్పేస్ ఇచ్చి 'ఏ' అక్షరం కొట్టండి. బట్టీ మాత్రం పట్టకండి. రోజూ వాడేవి ఎలాగూ చేతికొస్తాయి, వాడనివాటికి పుస్తకం ఉంది.

ప్ర: మాకు డీటీపీ షాపుంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తాం. పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడతాం. లైనక్స్ గైడు కొని నెల రోజుల్లో మొత్తం మారిపోదామనుకుంటున్నాను, వీలవుతుందా? (నంద్యాల)

జ: వద్దు సోదరా, షాపు కంప్యూటర్‌తో ప్రయోగం వద్దు. లైనక్స్ మీద నాకెంత ఇష్టమున్నా ఈ మాట చెప్పక తప్పదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చిందే 2001లో, అది విండోస్, మ్యాక్‌ల కోసం చేసింది, లైనక్స్‌కి లేదు. వైన్ అనే దాని ద్వారా కొన్ని విండోస్ ప్రోగ్రాములు నడుస్తాయని మీ గైడులో ఉంటుంది, నిజమే, కానీ రేపు పొద్దున ముహూర్తం కార్డు ఇవ్వాల్సిన రాత్రి దాన్ని నమ్ముకోలేం. అను ఫాంట్లలో ఉన్న మీ పాత ఫైళ్లు యూనికోడ్‌వి (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతివి) కావు, ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనబడతాయి.

ఇంట్లో పాత సిస్టమ్ ఉంటే దానిమీద మొదలుపెట్టండి. లైనక్స్‌లో పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది, పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు విరిగిపోయేవి, 2024లో వచ్చిన 1.6 నుంచి ఆ బాధ తీరింది. కార్డుల డిజైన్‌కి ఇంక్‌స్కేప్ చూడండి. ఏ పని ఎందులో కుదురుతుందో తేలాక, కొత్త ఆర్డర్లలో ఒకటో రెండో అటు చేసి చూసి, అప్పుడు షాపు సంగతి ఆలోచించండి. ప్రింటర్ కూడా ముందే కలిపి చూసుకోండి, కొన్ని పాత లేజర్ ప్రింటర్లకి లైనక్స్‌లో డ్రైవర్ పెద్ద తలనొప్పి.

ప్ర: లైనక్స్‌ని తెలుగు మెనూలతో పెట్టుకుని నేర్చుకుంటే తేలికా? తెలుగు టైపింగ్ ఎలా? (విశాఖపట్నం)

జ: తెలుగు మెనూలు ఉన్నాయి, హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు, ఇంకా ఎందరో వాలంటీర్లు ఏళ్ల తరబడి కూర్చుని అనువాదం చేశారు. కానీ మీ చేతిలో ఉన్నది ఇంగ్లిషు గైడు అయితే నేర్చుకునేటప్పుడు మెనూలు ఇంగ్లిషులోనే ఉంచండి. పుస్తకం 'ప్రిఫరెన్సెస్' అంటుంటే మీరు స్క్రీన్ మీద దాని తెలుగు మాట వెతుక్కుంటూ కూర్చోవడం రెండు పనులు ఒకేసారి నేర్చుకోవడం అవుతుంది. చేయి తిరిగాక తెలుగులోకి మార్చుకోండి, హాయిగా ఉంటుంది.

టైపింగ్ వేరే సంగతి, అది మొదటిరోజే పెట్టుకోవచ్చు. ఉబుంటులో సెట్టింగ్స్‌లో కీబోర్డ్‌కి వెళ్లి తెలుగు చేర్చండి. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకి ఒక్కో కీ ఉండే కీబోర్డు పద్ధతి) వచ్చినవాళ్లకి అది చాలు. ఇంగ్లిషు అక్షరాలతో 'అమ్మ' అని కొడితే తెలుగులో పడాలి అనేవాళ్లు 'ఐబస్ ఎం17ఎన్' (ibus-m17n) అనే ప్యాకేజీ వేసుకుని, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లోపలికొస్తే ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ పద్ధతులు కూడా జాబితాలో కనబడతాయి. భాష మార్చడానికి విండోస్ గుర్తున్న కీ, స్పేస్ కలిపి నొక్కడమే.

ప్ర: మా అబ్బాయి ఇంటర్. లైబ్రరీ నుంచి లైనక్స్ గైడు తెచ్చి, మావారి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేస్తానని ఒకటే గొడవ. అందులో విండోస్ 11, అన్ని ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు ఉన్నాయి. చేయనివ్వమంటారా? (రాజమండ్రి)

జ: ఇన్‌స్టాల్ చేయనివ్వకండి, నేర్చుకోనివ్వండి. రెండూ ఒకటి కాదమ్మా. ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ అయితే దాన్ని అసలు ముట్టుకోవద్దు. సొంతదైతే 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొనివ్వండి. దానిమీద మింట్ ఎక్కించి, ల్యాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్ నుంచే స్టార్ట్ చేయొచ్చు, హార్డ్‌డిస్క్ మీద ఏమీ రాయకుండానే అంతా నడుస్తుంది, కాకపోతే కొంచెం నిదానం, ఆపేస్తే అందులో చేసిన మార్పులు పోతాయి. గైడులో సగం పాఠాలు ఇలాగే చేసేయొచ్చు.

అయితే ఈ రెండూ బాబుకి చెప్పండి. ఒకటి, డెస్క్‌టాప్ మీద 'ఇన్‌స్టాల్' అనే బొమ్మ ఉంటుంది, దాని జోలికి పోవద్దని. పొరపాటున లోపలికి వెళ్లి 'ఎరేజ్ డిస్క్' అన్నదానికి సరే కొడితే మీ ఫొటోలన్నీ పోయినట్టే. రెండోది చాలా గైడుల్లో ఉండదు. విండోస్ 11లో డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం వేసి ఉండే అవకాశం ఎక్కువ. స్టార్టప్ సెట్టింగులు, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే స్టార్ట్ కానిచ్చే రక్షణ) మార్చాక విండోస్‌కి తిరిగొస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది సాధారణంగా మీవారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే అందులోకి వెళ్లి ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకుని, ఫొటోలు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, అప్పుడు పెన్‌డ్రైవ్ బాబు చేతికివ్వండి.