పాత సమాధుల తవ్వకాల్లో పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంగ్లండ్‌లో 7వ శతాబ్దపు పల్లె శ్మశానం తవ్వకాల గురించి చదివినప్పటి నుంచి ఆ పనే చేయాలని ఉంది. హిస్టరీ చదవలేదు. ఇంట్లో "ఎముకలు తవ్వే ఉద్యోగమేంటి?" అంటున్నారు. నాకు కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. హిస్టరీ లేదని టెన్షన్ పడకండి, ఇక్కడ జువాలజీయే మీ బలం. ఆ కాలపు రాజుల గురించి, బిషప్పుల గురించి రాసిపెట్టినవాళ్లు ఉన్నారు. పొలం దున్నినవాళ్లు ఏం తిన్నారో, ఏ నొప్పితో బతికారో ఎవరూ రాయలేదు. అది వాళ్ల ఎముకలే చెప్పాలి. వాటిని చదవడానికి శరీర నిర్మాణం బాగా తెలిసినవాళ్లు కావాలి.

అయితే పని ఎలా ఉంటుందో ముందు తెలుసుకోండి. యంత్రంతో పైమట్టి తీశాక మొదట కనబడేది చుట్టుపక్కల నేలకన్నా కాస్త వేరే రంగులో ఉన్న పొడవాటి మచ్చ. అది సమాధి గుంత అని పోల్చుకోవడం దగ్గరే అసలు నైపుణ్యం మొదలవుతుంది. ఆ తర్వాత చిన్న తాపీ, చెక్క పుల్లలు, బ్రష్‌లతో ఎముక కదలకుండా మట్టి తీయాలి. ఫొటోలు, కొలతలు, ఫారాలు అయ్యాకే ఎముకలు పైకి తీస్తారు. కుడిచేతివి ఒక సంచిలో, ఎడమచేతివి ఇంకో సంచిలో వేస్తారు. పొట్ట ఉన్నచోటి మట్టిని జల్లెడ పడతారు, పిత్తాశయపు రాయో, గర్భంలోని శిశువు ఎముకో దొరకవచ్చని. సుద్దనేలలో ఎముకలు బాగా నిలుస్తాయి, ఆమ్లగుణమున్న ఇసుకలో కరిగిపోతాయి. ఇంగ్లండ్‌లోని సటన్ హూ అనే పాత శ్మశానంలో కొన్ని సమాధుల్లో మనిషి ఆకారం ఇసుకలో మరకగా మాత్రమే మిగిలింది.

నగలు, కత్తులు దొరుకుతాయన్న ఆశతో మాత్రం వెళ్లకండి. 7వ శతాబ్దంలో క్రైస్తవం వ్యాపించే కొద్దీ శవంతో వస్తువులు పెట్టడం తగ్గుతూ వచ్చింది. ఒక చిన్న ఇనుప చాకు, లేదా అదీ లేని సమాధులు ఎన్నో. వాటి కాలం తేల్చడానికి కార్బన్-14 పరీక్ష మీద ఆధారపడాలి. నా దృష్టిలో ఇలాంటి సమాధులే విలువైనవి, సామాన్యులు ఉన్నది అక్కడే.

మీకు నిజంగా సరిపడే పని ల్యాబ్‌లో ఉంటుందని నా అంచనా. కటి ఎముకను బట్టి ఆడా మగా, పళ్లను, ఎముకల చివర్లు అతుక్కున్న తీరును బట్టి వయసు అంచనా వేస్తారు. పంటి ఎనామెల్ మీద గాడులుంటే చిన్నప్పుడు తిండి చాలకో, జబ్బు చేసో ఎదుగుదల ఆగిందని అర్థం. ఎనామెల్‌లోని స్ట్రాన్షియం అనే మూలకం ఆ మనిషి బాల్యం అక్కడే గడిచిందా, వేరే ప్రాంతం నుంచి వచ్చాడా అన్నది తేల్చడానికి సాయపడుతుంది. కొన్ని నెలల తవ్వకానికి సంవత్సరాల ల్యాబ్ పని ఉంటుంది.

ఇంకో విషయం. వీళ్లు ఒకప్పుడు ఎవరో ఏడ్చి సాగనంపిన మనుషులు. ఇంగ్లండ్‌లో 1857 నాటి సమాధుల చట్టం ప్రకారం లైసెన్స్ తీసుకుని ఎముకలను పైకి తీస్తారు. ఆ గౌరవం మన చేతుల్లోనూ ఉండాలి.

డిగ్రీ అయ్యాక హ్యూమన్ ఆస్టియాలజీ (మనిషి ఎముకల శాస్త్రం) లేదా బయోఆర్కియాలజీలో (తవ్వకాల్లో దొరికే ఎముకల్లాంటి అవశేషాల అధ్యయనం) మాస్టర్స్ చేయాలి. ఇంగ్లండ్‌లోని డరమ్ (Durham), యార్క్ యూనివర్సిటీలు ఈ రంగంలో పేరున్నవి. ఫీజు కట్టకముందే ఒక సీజన్ ఏదో ఒక తవ్వకంలో ట్రైనీగా పనిచేయండి. వానలో మోకాళ్ల మీద కూర్చుని గంటలకొద్దీ పనిచేశాక కూడా ఇష్టం మిగిలితే ముందుకెళ్లండి. స్టాటిస్టిక్స్, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులతో పనిచేసే పద్ధతి) ఇప్పటినుంచే నేర్చుకోండి.

ఇంట్లోవాళ్ల భయం తీసిపారేయదగ్గది కాదు. 1990 తర్వాత ఇంగ్లండ్‌లో చాలా తవ్వకాలు ఇళ్లు, రోడ్లు కట్టేముందు, కట్టేవాళ్ల ఖర్చుతోనే జరుగుతున్నాయి. నిర్మాణాలు తగ్గితే ఉద్యోగాలూ తగ్గుతాయి. కాంట్రాక్టులు చిన్నవి, మొదట్లో జీతం తక్కువ. కాబట్టి పెద్ద లోన్ తీసుకుని వెళ్లమని నేను చెప్పను. స్కాలర్‌షిప్ కోసం గట్టిగా ప్రయత్నించండి, వీసాకు కావాల్సిన కనీస జీతం ఎంతో ముందే చూసుకోండి. ఎముకల చదువు ఫోరెన్సిక్, మ్యూజియం పనులకూ పనికొస్తుంది, అక్కడా పోస్టులు కొన్నే.

ఈలోగా మీ కాలేజీ ల్యాబ్‌లోని అస్థిపంజరం దగ్గర కూర్చోండి. 206 ఎముకలనూ గుర్తుపట్టండి, జతగా ఉన్నవాటిలో కుడిదేదో ఎడమదేదో కూడా. తర్వాత విరిగిన ముక్కను చూసి చెప్పడం సాధన చేయండి, తవ్వకంలో చేతికొచ్చేవి ఎక్కువగా ముక్కలే.